ఆరో చుక్క

పోయిన వారం చుక్కలమ్మను ఒక ఉత్తరం ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. అప్పట్నుంచీ పాపం అలాగే కూర్చుని ఉందేమోనని బెంగపడకండి, ఆమెకు గడిచింది పది నిమిషాలే. కొత్తగా చేరినవాళ్ళ కోసం జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు విసుక్కోకుండా వినాలి మరి.

చుక్కలమ్మ అన్నది అసలు పేరు కాదు, ఆఫీసు పెట్టిన పేరు. యాభై రెండేళ్ళ మనిషి, ఒంటరి మనిషి. పిల్లల వారపత్రికలో పదకొండేళ్ళుగా వస్తున్న 'ఏకాకి యాత్ర' అనే బొమ్మల కథకు బొమ్మలన్నీ ఆమె వేస్తుంది. కథ రాసేది ఆమె అన్నయ్య. మిగతా ఆర్టిస్టులు ఆకాశం వెయ్యాలంటే పాత టూత్ బ్రష్షును తెల్ల రంగులో ముంచి, నల్ల కాగితం మీద చిలకరించి, చేతులు దులుపుకుంటారు. ఈవిడ అలా కాదు. ఏ నక్షత్రం ఎంత దూరంలో ఉందో పట్టిక చూసి, లెక్క కట్టి, కథలో ఓడ ఎక్కడుంటే అక్కణ్ణుంచి ఆకాశం ఎలా కనిపించాలో అలాగే వేస్తుంది. అందుకే ఆ పేరు.

ఆ అన్నాచెల్లెళ్ళకు నాలుగేళ్ళుగా మాటల్లేవు. అప్పటిదాకా వచ్చిన కథంతా ఒక పుస్తకంగా అచ్చయినప్పుడు అట్ట మీద అన్నయ్య పేరొక్కటే పడింది. నా పేరేదని ఆమె అడిగింది. "కథ నాది. నువ్వు పెట్టేవి చుక్కలేగా, చుక్కలకు కూడా పేరెందుకే?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆమెకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ రోజు అనరాని మాటలు అనేసి వాళ్ళ గడప దిగింది. అప్పట్నుంచీ ఆయన రాసిన కాగితాలు పోస్టులో రావడం, ఈమె బొమ్మలు వేసి ఆఫీసులో ఇవ్వడం, అంతే బంధం. ఆయన ప్రతి కాగితం చివరా "ఆకాశం నీ ఇష్టం" అని రాసేవాడు. ఆ మూడు మాటలే వారానికోసారి ఆమెకు వచ్చే పలకరింపు.

ఇక కథలో పైలట్ అమ్మాయి సంగతి. మనకు బాగా దగ్గర్లో ఆల్ఫా సెంటారై అని ఒక నక్షత్రాల జంట ఉంది. ఓడ పాడైపోయి, నాలుగేళ్ళ కిందట ఆ అమ్మాయి అక్కడొక గ్రహం మీద ఒక్కతే దిగిపోయింది. రెండు సూర్యుళ్ళ వెలుగులో ఆమెకు రెండు నీడలు, మాట్లాడే మనిషి మాత్రం ఒక్కరూ లేరు. ప్రతి వారం మొదటి బొమ్మలో రేడియో పళ్ళేన్ని ఆకాశంలో ఐదు చుక్కల వంకర గీత వైపు తిప్పి, మనవాళ్ళతో మాట్లాడుతుంది. ఆ మాట ఇక్కడికి చేరడానికి నాలుగేళ్ళ నాలుగు నెలలు పడుతుంది. అయినా మాట్లాడుతూనే ఉంది. ఈ వారం వచ్చిన కాగితంలో మాత్రం ఇలా ఉంది: "పైలట్ సూర్యుడి కోసం ఆకాశంలో వెతుకుతుంది. ఎక్కడా లేడు. రేడియో మీట కిందికి నొక్కి ఆపేస్తుంది. సమాప్తం." దానికి గుండుసూదితో ఒక పాఠకుడి ఉత్తరం గుచ్చి ఉంది. ఎవరో రిటైరైన లెక్కల మాస్టారు. "అమ్మా, ఆ గ్రహం నుంచి చూస్తే ఆ ఐదు చుక్కల వరసలో చివర ఆరోది కనపడాలి. అది మన సూర్యుడు. మీ బొమ్మల్లో ఇన్నేళ్ళూ ఎందుకు లేదు?" అని అడిగాడు. అదీ మనం ఆపిన చోటు.

ముందు ఆమెకు ఒళ్ళు మండింది. తన లెక్కలో తప్పు పట్టడానికి ఈయనెవరు? పెన్సిలు తీసి, పట్టిక పుస్తకం తెరిచి, మొదట్నుంచీ లెక్క కట్టింది. సిరియస్ అనే పెద్ద నక్షత్రం చోటు మారి, వేటగాడి ఆకారంలో ఉండే చుక్కల గుంపులో భుజం పక్కకు రావాలి, వచ్చింది. దూరపు నక్షత్రాలు ఎక్కడివక్కడే ఉండాలి, ఉన్నాయి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు సూర్యుడి లెక్క విడిగా కట్టి చూసింది. సరిగ్గా మాస్టారు చెప్పిన చోటే తేలాడు. ఆ ఐదింటికన్నా కాంతిగా కూడా ఉండాలి.

లేచి, ఆఫీసు బీరువాలోంచి పాత సంచికల కట్టలు దించింది. ఒక్కొక్క వారం తిప్పింది. పళ్ళెం, ఐదు చుక్కలు. మళ్ళీ పళ్ళెం, మళ్ళీ ఐదు చుక్కలు. రెండు వందల వారాల పైచిలుకు ఆ పిల్ల పళ్ళేన్ని తిప్పి మాట్లాడుతున్న వైపు ఉత్త నల్ల సిరా తప్ప ఏమీ లేదు. ఇన్నాళ్ళూ ఆ పిల్లను నేను ఎవరితో మాట్లాడించానసలు అనుకుంది.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియడానికి మరో పావుగంట పట్టింది. తెలిశాక నాలుక కరుచుకుంది. పట్టికలో తొమ్మిది వేల నక్షత్రాలున్నాయి, సూర్యుడు లేడు. ఎందుకుంటాడు? ఆ పట్టిక చేసినవాళ్ళు ఈ నేల మీద నిలబడి, చీకటి పడ్డాక పైకి చూసి రాసుకున్నారు. ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టేవాడు తనను తాను మర్చిపోయినట్టు, సూర్యుణ్ణి నక్షత్రాల్లో ఎవరూ రాయలేదు. పట్టికలో ఉన్న ప్రతి చుక్కనూ ఆమె జాగ్రత్తగా జరిపింది, లేనివాణ్ణి జరపలేదు. పగలంతా నెత్తి మీద నిలబడి ఉండేవాణ్ణి మర్చిపోవడమేమిటి! ఖాళీ గదిలో ఒక్కతే పకపకా నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

ఎందుకంటే ఇదంతా ఆమెకు ఒకరు ముందే చెప్పారు. పదకొండేళ్ళ కిందట ఈ పట్టిక పుస్తకం చేతిలో పెడుతూ అన్నయ్యే అన్నాడు. "ఒసేయ్, ఇందులో అందరూ ఉన్నారు, మనవాడొక్కడు తప్ప. ఓడ దూరం వెళ్ళాక మనవాణ్ణి నువ్వే చేత్తో పెట్టాలి, మర్చిపోకు." ఆమె మర్చిపోయింది, సరే. ఆయన మర్చిపోయే మనిషి కాదు. సూర్యుడు బొమ్మలో లేకపోతే అది చెల్లెలి మతిమరుపని ఆయనకు తెలుసు. తెలిసినవాడు, సూర్యుడు లేడు రేడియో ఆపెయ్ అని కథ ఎలా రాస్తాడు?

ఆ కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. టైపు చేసిన కాగితం. ఏడు నెలల నుంచీ టైపు కాగితాలే వస్తున్నాయి. చేతిరాత కూడా నాకు చూపించడం ఇష్టం లేక టైపు కొట్టిస్తున్నాడనుకుని, ఆ రోజుల్లో ఇంటికెళ్ళి కుళ్ళికుళ్ళి ఏడ్చింది. "ఆకాశం నీ ఇష్టం" అన్న మాట కూడా ఏడు నెలల నుంచీ లేదు. దానికీ ఏడ్చింది. ఏడవడమే తప్ప ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఇప్పుడు అర్థమైంది. ఇవి అన్నయ్య రాసినవి కావు.

అదే సమయానికి ఎడిటర్ గారు తలుపు తోసుకుని వచ్చారు. కంగారు ఆయన పుట్టుకతో తెచ్చుకున్న గుణం.

"అమ్మా చుక్కలమ్మగారూ, ఐదింటికి పేజీ ప్రెస్సుకెళ్ళాలి. మీరేమో పాత కట్టలు ముందేసుకుని కూర్చున్నారు!"

"పొరపాటు జరిగింది సార్. ఈ పేజీ ఇలా వెయ్యకూడదు. సూర్యుడు ఉండాలి."

"లేడనేగా రాశారు మీ అన్నయ్యగారు?"

"రాసి ఉంది. కానీ ఉన్నాడు."

"లేడంటారు, ఉన్నాడంటారు, నన్నేం చెయ్యమంటారు? ఆయనకో ఫోను కొట్టి తేల్చుకోండి."

"మాకు మాటల్లేవు సార్."

"ఆ సంగతి ప్రెస్సులో మిషన్లక్కూడా తెలుసమ్మా!" అన్నారాయన. అని, గొంతు తగ్గించారు. "చూడండి, పదకొండేళ్ళ కథ అయిపోతోందంటే నాకూ బాధే. కానీ ఆయనే సమాప్తం అని రాశారు. వచ్చేవారం నుంచి ఆ పేజీలో కుక్కపిల్ల కథ వేస్తున్నామని ప్రకటన కూడా ఇచ్చేశాను. ఐదు. ఐదు దాటితే నేను మనిషిని కాను."

ఆమెకు ఒక్కటే తట్టింది. ఈ పేజీ అచ్చయితే ఇక కాగితాలు రావు. ఎవరు రాసినవైనా కానీ, ఆ ఇంటికీ తనకూ మధ్య మిగిలిన ఆ ఒక్క దారం కూడా తెగిపోతుంది. టైము పన్నెండు దాటింది. సగం సిరా వేసిన పేజీని అట్టకు బిగించి, సంచిలో తెల్ల రంగు సీసా, సన్న కుంచె వేసుకుని, ఉన్న ఫళంగా బస్సెక్కింది.

నాలుగేళ్ళ కిందట దిగిన మెట్లు. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం కన్నా సిగ్గే ఎక్కువయింది. తలుపు తట్టడానికి చెయ్యి మూడుసార్లు లేచి మూడుసార్లు దిగింది. నాలుగోసారి తట్టకముందే తలుపు తెరుచుకుంది. చెత్తబుట్టతో వదిన నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది, జుట్టంతా తెల్లబడింది.

"నీకెవరు చెప్పారు?" అంది వదిన.

"ఏం చెప్పాలి? ఎవరూ ఏమీ చెప్పలేదు. వదినా, ఈ కాగితం ఎవరు రాశారు?"

వదిన కాగితం వంక చూడనైనా చూడలేదు. "నేనే," అంది.

"మరి అన్నయ్యేడీ?"

"లోపలున్నారు."

"అన్నయ్య ఉండగా నువ్వెందుకు రాశావు?"

"ఉన్నారు, అంతే. పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. కుడి చెయ్యి పోయింది. మాట పోయింది."

చుక్కలమ్మ గోడ పట్టుకుంది. "నాకొక్క మాట చెప్పలేదేం వదినా? ఒక్క మాట!"

"చచ్చినా కబురు పెట్టొద్దన్నావుగా? ఇదిగో, ఈ గడప మీద నిలబడే అన్నావు. చస్తేనే వద్దన్నదానికి, బతికుండగా ఎలా పెట్టను?"

ఆ దెబ్బకు ఆమె తల వంచుకుంది. అన్నది నిజమే. అన్నదాన్ని కాదని ఎలా అంటుంది? కోపంలో అన్నాను అని గొణిగింది. కోపం నాకూ వస్తుంది, నేనూ మనిషినే అంది వదిన. చెత్తబుట్ట కింద పెట్టేసింది. ఏడు నెలల మాటలు ఒక్కసారిగా బయటికొచ్చాయి.

"ప్రతి గురువారం ఆయనకు ఆ పత్రిక కావాలి. కథ ఆగిపోతే ఈయన ప్రాణం ఆగిపోతుందేమోనని భయపడి, నాకొచ్చీరానట్టు నేనే రాయడం మొదలుపెట్టాను. పేజీ ఒళ్ళో పెట్టగానే ఎడమచేతి వేలు తీసుకెళ్ళి ఆకాశంలో ఒకేచోట ఆనిస్తారు. ఎప్పుడూ అదే చోటు. అక్కడేమీ ఉండదు. నా మొహం వంక చూస్తారు, మళ్ళీ అక్కడే వేలు పెడతారు, కళ్ళ నీళ్ళు పెట్టుకుంటారు. ఏం కావాలో నాకు తెలిస్తేగా! పోయిన నెలలో ఆ మాస్టారి ఉత్తరం ఈ ఇంటికొచ్చాక తెలిసింది, నీకు గుచ్చి పంపింది అదే. కోపముంటే వచ్చి నాలుగు తిట్టి పోవాల్సింది. మంచాన పడ్డ మనిషి వెతుక్కునే చుక్కని చెరిపేస్తావా? నీకంత కక్షా? అందుకే ఇక చాలు, ఆపేద్దామని అలా రాశాను."

"నేను చెరపలేదు వదినా. మర్చిపోయాను."

"నాలుగేళ్ళు మర్చిపోతావా?"

"నాలుగేళ్ళూ మర్చిపోయాను. పట్టికలో లేదు, నా బుర్రలోనూ లేదు. ఒట్టు."

వదిన ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. అబద్ధం చెప్పే మొహం కాదది, మతిమరుపు మొహమే. కోపం దిగిపోయి మనిషి ఒక్కసారిగా అలిసిపోయినట్టయి, లోపలికి రమ్మని పక్కకు తప్పుకుంది.

ముందు గదిలో బల్ల కింద పత్రికలు వరసగా పేర్చి ఉన్నాయి. చుక్కలమ్మ మధ్యలోంచి ఒకటి తీసి 'ఏకాకి యాత్ర' పేజీ తిప్పింది. ఐదు చుక్కల చివర, సరిగ్గా తాను ఇవాళ లెక్క కట్టిన చోట, పెన్సిలుతో గుండ్రంగా ఒక సున్నా చుట్టి ఉంది. మరొకటి తీసింది, అందులోనూ ఉంది. నాలుగేళ్ళ కిందటి సంచిక తీసింది. మొదటి వారం నుంచీ ఉంది. జబ్బు చేసేదాకా ఒక్క వారం కూడా మానలేదు.

"అవా?" అంది వదిన. "పత్రిక రాగానే పెన్సిలు చెక్కుకుని కూర్చునేవారు. ఏంటండీ అదంటే, ఏం లేదు చిన్న పని అనేవారు. ఏదో దిద్దుకుంటున్నారనుకున్నాను."

ఏడు నెలల నుంచీ వచ్చిన సంచికల్లో సున్నాలు లేవు. అదే చోట వేలి మరకలున్నాయి.

చుక్కలమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. పిలిచి ఒక్క మాట చెప్తే పోయేదిగా, మూర్ఖుడా అనుకుంది. నేనైనా ఒక్కసారి ఫోను చేస్తే పోయేదిగా, నేనెంత మొద్దునీ అని వెంటనే అనుకుంది. అది పలకరిస్తే చెబుదామని ఆయనా, ఆయన పిలిస్తే వెళదామని ఈవిడా! ఇద్దరి పంతానికీ ఏ లోటూ రాలేదు, మాట మాత్రం పోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. వదిన పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది కానీ ఊరుకోమనలేదు.

అన్నయ్య కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. మధ్యాహ్నపు ఎండ ఒళ్ళో పడుతోంది. మూతి ఒక పక్కకు జారింది, కుడి చెయ్యి దిండు మీద పెట్టి ఉంది. తలుపు చప్పుడుకు మెల్లగా తిరిగి చూశాడు. చెల్లెల్ని చూసి, ముందు వదిన వంక అడుగుతున్నట్టు చూశాడు. నిజమే, అదే వచ్చింది అంది వదిన. అప్పుడాయన ఎడమ కంట్లోంచి నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోవాలని కూడా గుర్తులేదు.

ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "నువ్వు చెప్పావన్నయ్యా. మనవాణ్ణి చేత్తో పెట్టాలని చెప్పావు. మర్చిపోయాను. కావాలని కాదు." ఆయన ఎడమ చెయ్యి ఆమె తల మీదికొచ్చి, బరువుగా అక్కడే ఉండిపోయింది. తెలుసులేవే అన్నట్టే ఉంది ఆమెకు.

అట్టకు బిగించిన పేజీ ఆయన ఒళ్ళో పెట్టి, కుంచెను తెల్ల రంగులో ముంచి ఆయన ఎడమ చేతి వేళ్ళ మధ్య ఇరికించింది. "నువ్వే పెట్టు. నాలుగేళ్ళుగా పెట్టింది నువ్వేగా," అంది. చెయ్యి మెల్లగా లేచింది. ఐదు చుక్కల దాకా వచ్చింది. ఆగలేదు. వాటిని దాటుకుని పేజీ కిందికి, ఆఖరి బొమ్మ దగ్గరికి పోయింది. అక్కడ పైలట్ అమ్మాయి చెయ్యి రేడియో మీట మీద ఉంది. ఆయన కుంచె దాని మీద ఆనించి అడ్డంగా లాగాడు. మళ్ళీ లాగాడు. మూడోసారికి ఆ చెయ్యి, మీట, కింద 'సమాప్తం' అన్న అక్షరాలు అన్నీ తెల్లటి రంగులో కలిసిపోయాయి.

"అయ్యో, పేజీ పాడైపోయింది!" అంది వదిన.

"పాడవలేదు వదినా," అంది చుక్కలమ్మ. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. "ఆపొద్దంటున్నాడు." ఆయన వంక చూసి, "ఆరోది నేను పెట్టనా మరి?" అని అడిగింది. ఆయన కళ్ళు మూసి తెరిచాడు. కుంచె తీసుకుని, ఐదింటి పక్కన, వాటికన్నా ఒక్క పిసరు పెద్దగా, ఆరో చుక్క పెట్టింది.

రంగు ఆరకముందే ఫోను మోగింది. వదిన ఎత్తి, విని, ఆమె చేతికిచ్చింది. ఎడిటర్ గారు.

"మూడున్నరైందమ్మా! అక్కడికెళ్ళారని మన ఆఫీసు కుర్రాళ్ళు చెప్పారు. హమ్మయ్య, మాట్లాడుకుంటున్నారన్నమాట. పేజీ వస్తోందా?"

"వస్తోంది సార్. కానీ అమ్మాయి రేడియో ఆపట్లేదు. కథ అయిపోలేదు."

అటువైపు ఆయన గొంతు దిగింది. "కుక్కపిల్లని ఏం చెయ్యమంటారు?"

"కొన్నాళ్ళు కట్టెయ్యండి సార్."

ఆయన పెద్దగా నిట్టూర్చారు. "సరే, కడతాను. పత్రిక యజమానితో నేను మాట్లాడుకుంటాను. కానీ ఒక్కటి. సమాప్తం అని రాసింది మీ అన్నయ్యగారు. కాదని కూడా ఆయనే చెప్పాలి. మీ మాట మీద ప్రకటన మార్చానంటే రేపు నా ఉద్యోగం పోతుంది. ఎక్కువ అక్కర్లేదు, రాస్తాను అని ఒక్క మాట అంటే చాలు. ఫోను ఆయనకివ్వండి."

ఆమె ఫోను అరచేత్తో మూసింది. ఎడిటర్ గొంతు పెద్దది, గదిలో అందరికీ వినపడింది. నిజం చెప్తే కథ ఇవాళే పోతుంది, మాట లేని మనిషి పేరు మీద ఎవరూ కథ వెయ్యరు. వదిన మొహం పాలిపోయింది. చెప్పొద్దు, ఇవ్వొద్దు, నిద్రపోతున్నారని చెప్పు అని చేతులతో సైగ చేసింది.

"అమ్మా, ఉన్నారా? ఇవ్వండి ఆయనకి," అంటోంది ఫోను.

అన్నయ్య ఎడమ చెయ్యి చాపాడు. ఇమ్మని వేళ్ళు ఆడించాడు.

వదిన వద్దు వద్దంటూనే ఉంది. చుక్కలమ్మ ఆయన కళ్ళలోకి చూసింది. ఇంకేమీ ఆలోచించకుండా ఫోను తీసుకెళ్ళి ఆయన చెవికి ఆనించి పట్టుకుంది.

"చెప్పండి సార్," అన్నారు ఎడిటర్ గారు. అన్నయ్య నోరు తెరిచాడు. ఆయనకేం వినపడిందో వచ్చే వారం చెప్తాను.